వడ్డించడానికేనా మేం?

మా బిర్యానీ మీకు కావాలి, మా బతుకు మీకు అక్కర్లేదు. ఈ మాట కటువుగా ఉందని మిత్రులు నొచ్చుకున్నారు. నొచ్చుకోనివ్వండి. ఇన్నేళ్ళుగా నొచ్చుకునే పని మా ఒక్కళ్ళకే అప్పగించారు. కాసేపు మీరూ పంచుకోండి.

చూడ్డానికి విషయం చిన్నదే. బందరు, గుడివాడ, అవనిగడ్డల నుంచి పది పన్నెండు మందిమి నెలకో ఆదివారం కలుస్తాం. అందరం ఒకే నవల చదివొస్తాం. ఒక నెల ఒకరింట్లో, మరో నెల ఇంకొకరింట్లో. చలికాలం వచ్చిందంటే మంగినపూడి. సముద్రపు ఒడ్డున చాపలు పరుచుకుని, పొద్దున నవల, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం మిగిలిపోయిన తగువు. టీచర్లున్నారు, బ్యాంకు గుమస్తాలున్నారు, రిటైరైన ఉద్యోగులున్నారు. అందులో మేం ముగ్గురం ముస్లింలం. ఒకరింట్లో ఉర్దూ, ఇద్దరిళ్ళలో పుట్టినప్పట్నుంచీ తెలుగే. ఆ ఇద్దరూ నూర్‌బాషాలు, మీరు దూదేకులవాళ్ళనే వాళ్ళు. ముగ్గురం కూర్చుని రాస్తున్నదిది. అందుకే 'మేం'.

ఈ కూటం మాకిష్టం. ఇష్టం లేకపోతే మానేసేవాళ్ళం, రాసేవాళ్ళం కాదు. పుస్తకం గురించి మాట్లాడుకుని ఒకే చాప మీద తినడం ఈ దేశంలో ఇప్పుడు మామూలు సంగతి కాదని మాకూ తెలుసు. తెలుసు కాబట్టే అక్కడ జరుగుతున్నది మాట్లాడకుండా ఉండలేకపోతున్నాం.

మా వంతు వచ్చే నెల ఎలా ఉంటుందో చెబుతాం. మిగతా ఇళ్ళ వంతు వచ్చినప్పుడు ఫోన్లు పుస్తకం గురించి వస్తాయి. దొరికిందా, ఎన్ని పేజీలు, ఎవరి దగ్గరుంది, చదవడం అయిందా. మా వంతు వచ్చినప్పుడు వచ్చే మొదటి ఫోను: 'ఈసారి మీ ఇంట్లోనేగా, బిర్యానీ ఖాయమన్నమాట!' నవ్వుతాం. మాకూ వండి పెట్టడం సంతోషమే. నవ్వు అయ్యాక చిన్న నిశ్శబ్దం. ఆ తర్వాత రెండో ప్రశ్న: 'చికెన్‌దే కదా?'

ఈ 'కదా' గురించి మీరెప్పుడైనా ఆలోచించారా? గుడివాడ మిత్రుడు నాటుకోడి కూర తెచ్చినప్పుడు ఈ 'కదా' లేదు. అవనిగడ్డ మిత్రురాలు చేపల పులుసు, పీతల ఇగురు తెచ్చినప్పుడు లేదు. ఒక్క మా గిన్నె దగ్గరే మూత తియ్యకముందు తనిఖీ. మీరు ఎగతాళికి అడగలేదు, నిజమే. అనుమానంతో కూడా అడగలేదంటారు, అలవాటుగా నోట్లోంచి వచ్చిందంటారు. ఆ అలవాటు ఎక్కడిదో అడుగుతున్నాం మేం. 2015 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ దగ్గర బిసాడా గ్రామంలో, ఇంట్లో ఆవు మాంసం ఉందన్న పుకారు మీద మహమ్మద్ అఖ్లాక్‌ని ఆయన ఇంట్లోంచే లాగి కొట్టి చంపారు. ఆ తర్వాత దేశమంతా ఆ ఇంట్లో దొరికిన మాంసం ఏ జంతువుదని వాదించుకుంది. చచ్చిపోయిన మనిషి కన్నా గిన్నె గురించే ఎక్కువ మాట్లాడింది. ఆ గుంపు అడిగిన ప్రశ్నా, మీరు ప్రేమగా అడిగిన ప్రశ్నా ఒకటే అని మేమనడం లేదు. కానీ మా చెవికి రెండూ ఒకే భాషలో వినపడతాయి. మీ చెవికి వినపడవు. మన మధ్య తేడా అంతా అక్కడే ఉంది.

తర్వాత ఒక రాజీ ప్రతిపాదన వచ్చింది. 'ఎందుకొచ్చిన గొడవ, అందరికీ ఇబ్బంది లేకుండా శాకాహారం పెట్టుకుందాం' అన్నారు. ఎవరికి ఇబ్బంది? మా కూటంలో శాకాహారులు ఇద్దరే. వాళ్ళ కోసం పప్పూ, పులిహోరా, పెరుగన్నం మొదట్నుంచీ విడిగా ఉండనే ఉన్నాయి. వాళ్ళెప్పుడూ ఫిర్యాదు చేయలేదు, మంచివాళ్ళు. ఎండు చేప కాల్చిన వాసన లేని ఊరు బందరు చుట్టుపక్కల ఎక్కడుందో చూపించండి. కోడీ, చేపా, రొయ్యా తినే కులాలే ఎక్కువున్న నేల ఇది. అయినా 'అందరికీ' అన్న మాట వచ్చేసరికి మెజారిటీ తినే తిండి మాయమై, గుప్పెడు మంది తినేది అందరి తిండి అయిపోతుంది. దళిత మిత్రులకు ఈ లెక్క మాకన్నా ముందే తెలుసు. ఆ రోజు మా పక్కన కూర్చున్న ఒక దళిత మిత్రుడు, 'నా వంతు వచ్చినప్పుడు శాకాహారమని ఎవరూ అనరు, ఎందుకంటే నా వంతు రోజున సగం మందికి జ్వరం వస్తుంది' అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

కలిసి తినడం మన జిల్లాకి కొత్త సంగతి కాదు. గోరా బందరు హిందూ కాలేజీలో పాఠాలు చెప్పినవాడు. నాస్తికుడని ఆ కొలువు వదులుకోవాల్సొచ్చి, 1940లో ఉయ్యూరు దగ్గర ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. పున్నమి రాత్రుల్లో సహపంక్తి భోజనాలు పెట్టించాడు. మాలలూ మాదిగలూ కమ్మలూ బ్రాహ్మలూ ఒకే వరసలో కూర్చుని తినడం ఆ రోజుల్లో ఎంత సాహసమో మాకు తెలుసు. వెలి వేస్తామన్నా వెనక్కి పోని మనిషి. ఆ మనిషికి సలాం.

కానీ ఆయన ఉద్యమమే 1972 ఆగస్టు 15న విజయవాడలో ఇంకో అడుగు వేసింది. గొడ్డుమాంసం, పందిమాంసం రెండూ వడ్డించి అందర్నీ కలిసి తినమన్నారు. హిందువు గొడ్డుమాంసం తినాలి, ముస్లిం పందిమాంసం తినాలి, అప్పుడు మతం పోయినట్టు. పైకి చూస్తే సమానంగానే ఉంది. ఒక చేత్తో అది, ఒక చేత్తో ఇది. నాస్తికుల చిత్తశుద్ధిని మేం శంకించడం లేదు, వాళ్ళు పిలిచింది బాహాటంగా, ఇష్టమైనవాళ్ళనే. మా తగువు ఆ త్రాసుతో. రెండు పళ్ళేలూ సమానంగా ఉన్నాయని ఎవరు తూచారు? గొడ్డుమాంసం తిన్నందుకే తరతరాలుగా ఊరవతల ఉండాల్సొచ్చినవాళ్ళు ఈ దేశంలో హిందువుల లెక్కలోనే ఉన్నారు, వాళ్ళ పళ్ళెం ఎటు పెడతారు? 1977లో మన రాష్ట్రంలో గోవధ నిషేధ చట్టం వచ్చింది. ఒక పళ్ళెం మీద చట్టమూ పోలీసూ కూర్చున్నాక ఇంకా తూకమేమిటి? ఆనాటి పరీక్ష మాత్రం పోలేదు. వేషం మార్చుకుని ఇవ్వాళ్టి సెక్యులర్ మిత్రుల నోట్లో ఉంది. 'మీరు చాలా ప్రోగ్రెసివ్ కదా, పోర్క్ తింటారా?' 'మీరు మందు కొడతారా?' 'మీ ఆవిడ బురఖా వేసుకోదు కదా?' ఈ పరీక్షలు పాసయితే మేం మంచి ముస్లింలం. గుళ్ళో కొబ్బరి చిప్ప ప్రసాదం తెచ్చి పంచిన మిత్రుణ్ణి ఎవరూ నీ లౌకికత్వం ఎంతవరకూ వచ్చిందని అడగలేదు. అడగమని మేం అనడం లేదు. ఆయన ప్రసాదం మేమూ తిన్నాం, తియ్యగా ఉంది.

సరే, తిండి సంగతి వదిలేద్దాం. అసలు మా తగువు తిండి దగ్గర ఆగేది కాదు. నవల దగ్గరికి వద్దాం.

మేం కలిసి చదివిన నవలల పేర్లు చూడండి. ఉన్నవ 'మాలపల్లి'. చలం 'మైదానం'. విశ్వనాథ 'వేయిపడగలు', ఆయన మన జిల్లా నందమూరు మనిషి, బందరులో పాఠం చెప్పినవాడు, వదలడం ఎలా? గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'. అంగలూరు బిడ్డ, గుడివాడ మిత్రులకు సొంతవాడు. కొడవటిగంటి 'చదువు'. రావిశాస్త్రి 'అల్పజీవి'. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు'. గొప్ప పుస్తకాలు. మేమూ ఇష్టంగా చదివాం, ఇష్టంగా పోట్లాడాం. 'వేయిపడగలు' మీద మా ముగ్గురిలో ఒకరు మాట్లాడినంత సేపు ఇంకెవరూ మాట్లాడలేదు. ఒక ముస్లిం 'వేయిపడగలు' మీద గంటసేపు మాట్లాడితే అది మీకు మామూలుగానే కనిపించింది. మామూలే కావాలి కూడా. మరి మా ఇంటి కథ మీద మీలో ఒకరు గంట మాట్లాడగలరా? మాట్లాడాలంటే చదవాలి. చదవాలంటే అది మన జాబితాలో ఉండాలి. ఏళ్ళ తరబడి జాబితాలో ముస్లిం రాసిన పుస్తకం ఒక్కటి లేదు.

ముస్లిం పాత్ర లేదా అంటే ఉంది. 'మైదానం'లో అమీర్ ఉన్నాడు. 1927లోనే ఒక బ్రాహ్మణ స్త్రీ ఒక ముస్లింతో వెళ్ళిపోయిన కథ రాసిన చలం ధైర్యానికి మేమేం తక్కువ చెయ్యం. కానీ ఆ కథ చెప్పేది రాజేశ్వరి. అమీర్‌ని మనం మొదట్నుంచి చివరిదాకా ఆమె కళ్ళతోనే చూస్తాం. ఆమె మోహంతో చూస్తే అందగాడు, కోపంతో చూస్తే మొరటువాడు. అమీర్ తన గురించి తాను ఏమనుకున్నాడు? అతని ఇంట్లో పొయ్యి మీద ఏముడికేది? వాళ్ళమ్మ ఏమని ఏడ్చింది? ఈ ప్రశ్నలు మేం ఆ రోజు అడిగాం. 'అది నవల వస్తువు కాదండీ, స్త్రీ స్వేచ్ఛ కదా వస్తువు' అన్నారు. నిజమే. మేమెప్పుడూ వస్తువు కాం. ఎవరి స్వేచ్ఛకో దారిలో తగిలే మైదానం మేం.

మిగతా చోట్ల సంగతి చెప్పక్కర్లేదు. జట్కా తోలే సాయిబు, తాయెత్తు కట్టే సాయిబు, మాంసం కొట్టే సాయిబు. కథలోకి వచ్చి రెండు మాటలు మాట్లాడి పోతాడు. ఆ రెండు మాటలు కూడా 'నాకీ తెల్దు, నీకీ ఏం కావాల' అనే వింత తెలుగులో. ఎవరు మాట్లాడతారండీ ఈ తెలుగు? మా నూర్‌బాషా ఇళ్ళలో అవ్వలు మాట్లాడే తెలుగు ఒకసారి వచ్చి వినండి. దివిసీమ యాస గుక్క తిప్పుకోకుండా వస్తుంది. ఉర్దూ ఇళ్ళలో పిల్లలు కూడా వీధిలోకొస్తే మీ పిల్లల తెలుగే. ఆ సాయిబు తెలుగు మా ఇళ్ళలోది కాదు, తెలుగు కథకులూ సినిమావాళ్ళూ కలిసి తయారుచేసింది. దాన్ని చదివి పెరిగిన మిత్రులు మమ్మల్ని చూసి, 'మీ తెలుగు ఎంత బాగుందండీ!' అని మెచ్చుకుంటారు. మా తెలుగు బాగుండక ఎవరి తెలుగు బాగుంటుంది? మేం పుట్టి పెరిగింది అరేబియాలోనా, ఇనగుదురుపేటలోనా?

ఒక నెల చారిత్రక నవలొకటి చర్చకు పెట్టారు. నవల పేరు అనవసరం. మాటల్లో ఒక పెద్దాయన, 'వాళ్ళొచ్చాకే కదా మన సంస్కృతి నాశనమైంది' అన్నారు. అని మా వైపు చూసి, 'మిమ్మల్ని కాదులెండి' అన్నారు. ఎంత మర్యాద! ఆ 'లెండి'లో మా మీద దయ ఉంది. 'వాళ్ళు' అనేదాంట్లో మేమున్నామని ముందు ఒప్పుకుంటే తప్ప 'మిమ్మల్ని కాదు' అనే మాట పుట్టదు.

పెద్దాయనకి అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతాం. మీరు నివసించే ఊరి పేరు బందరు. అది ఫార్సీ మాట, రేవు అని అర్థం. గోల్కొండ సుల్తానులకు సముద్రం మీద వాకిలి ఈ ఊరు. పెడన, బందరుల్లో అద్దే కలంకారీలో కలమూ మాదే, కారీ కూడా మాదే. ఇక్కడి నుంచి ఇరాన్‌కి ఓడలెక్కిన అద్దకం బట్టల్లో నమాజు చేసుకునే జానెమాజ్‌లూ ఉన్నాయి, కింద పరిచి చుట్టూ కూర్చుని తినే దస్తర్‌ఖాన్‌లూ ఉన్నాయి. కలిసి తినడానికి ప్రపంచానికి గుడ్డ పరిచిన ఊరండీ ఇది! కూచిపూడి ఇక్కణ్ణుంచి గంట ప్రయాణం. ఆ అగ్రహారాన్ని భాగవతులకు ఇచ్చింది తానీషా అని కూచిపూడివాళ్ళే చెప్పుకుంటారు. తెలుగులో తొలి అచ్చ తెలుగు కావ్యం పొన్నెగంటి తెలగన్న 'యయాతి చరిత్రము'. సంస్కృతం అంటకుండా రాసిన ఆ కావ్యాన్ని అంకితం తీసుకున్నది అమీన్ ఖాన్. డెల్టా అంతా గర్వంగా చెప్పుకునే 'రైతు' అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది. నాశనమైన సంస్కృతిలో ఇవన్నీ ఏ పద్దు కింద రాశారో పెద్దాయన చెప్పాలి.

అయితే ఈ పట్టాలు చూపించి ఇక్కడ జాగా అడుక్కోవడం మాకిష్టం లేదు. నవాబుల వైభవం నవాబులది. తానీషాకీ, ఊరూరా తిరిగి దూది ఏకిన మా తాతకీ ఏ చుట్టరికమూ లేదు. మాలో ఎక్కువమంది ఇక్కడి కింది కులాల నుంచే, కాస్త గౌరవం కోసం, పక్కన కూర్చుని తినే హక్కు కోసం కల్మా చదివినవాళ్ళ సంతానం. మా తాతలు మతం మారిందే ఒక బంతి భోజనం కోసం. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడు మా గిన్నె మూత దగ్గర ఆగే మీ చేయి మాకు ఇంకోలా కనిపిస్తుంది.

ఇక మీ దగ్గర ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. 'మీవాళ్ళు నవలలు రాయలేదు కదండీ, రాస్తే చదవమా? మన కూటం నియమం నవలలే కదా.' బాగుంది. నియమం మంచిది. నియమం ఎవరి కొలతలకు కుట్టారో కూడా చూద్దాం.

నవల రాయాలంటే ఏం కావాలి? రెండు మూడేళ్ళ తీరిక కావాలి. నెల జీతం ఆగకుండా రావాలి, లేదా ఇంట్లో పొలం ఉండాలి. తలుపేసుకోడానికి ఒక గది కావాలి. వారపత్రికలో నడిపే సంపాదకుడు తెలిసుండాలి. డెల్టాలో ముస్లిం ఏం చేస్తాడు? మిషను కుడతాడు. పంక్చర్లు వేస్తాడు. పళ్ళబండి తోస్తాడు. పరుపులు ఏకుతాడు. ఒక్క గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో, కరెంటు పోతే బయటికొచ్చి అరుగు మీద కూర్చునే ఇంట్లో, నవలంత పొడవైన ఊపిరి ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే మావాళ్ళు కవిత్వం రాశారు, కథలు రాశారు. కోపం వచ్చినప్పుడు ఒక రాత్రిలో రాయగలిగినవి రాశారు. బాబ్రీ మసీదు కూలక ముందే, 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాశాడు. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చింది. 1999లో ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు'. 2004లో ముస్లిం కథలన్నీ పోగేసి 'వతన్'. 2005లో షాజహానా 'నఖాబ్'. ఆ తర్వాత వేంపల్లె షరీఫ్ 'జుమ్మా'కి 2012లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. నవలే కావాలంటారా? సలీం 'కాలుతున్న పూలతోట'కి 2010లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. అది ఎయిడ్స్ రోగుల కథ. ముస్లిం అయినవాడు ముస్లింల గురించే రాయాలన్న కట్టుబాటు కూడా ఆయన పెట్టుకోలేదు. మనం ఆ నవలైనా చదివామా? నియమానికి సరిపోయిందే, మరి జాబితాలోకి ఎందుకు రాలేదు?

పోనీ తెలుగు వదలండి. కామూనీ దొస్తోయెవ్‌స్కీనీ అనువాదంలో చదివాం. కోయిళ్ళు విడిచి కాకుల దేశం పోవాల్సిన పనేముంది, మన దేశంలోనే రాహీ మాసూమ్ రజా ఉన్నాడు. టీవీలో 'మహాభారత్' వచ్చే ఆదివారాల్లో రోడ్లు ఖాళీ అయ్యేవే, ఆ ధారావాహికకి మాటలు రాసినవాడు ఆయనే. ఆయనే 1966లో 'ఆధా గావ్' రాశాడు. గాజీపూర్ జిల్లా గంగౌలీ అనే ఊరు, అక్కడి షియాలు, మొహర్రం, దేశ విభజన. బందరులో, దివిసీమ ఊళ్ళల్లో పీర్లెత్తి అలావా చుట్టూ తిరిగిన ఎవరికైనా ఆ నవల సొంత ఊరి కథలా ఉంటుంది. భీష్మ్ సాహ్నీ 'తమస్' మొదలయ్యేదే డబ్బిచ్చి ఒక పందిని చంపించడంతో. తెల్లారేసరికి ఆ కళేబరం మసీదు మెట్ల మీద ఉంటుంది. ఊరు తగలబడుతుంది. ఒక జంతువు శవం మీద రాజకీయం ఎలా నడుస్తుందో ఆయన 1974లోనే రాసిపెట్టాడు, మనం దాద్రీ అయ్యాక కూడా చదవలేదు.

బషీర్ మలయాళంలో 'పాత్తుమ్మా మేక' రాశాడు, 1959లో. ఇంటి నిండా జనం, చాలీచాలని గంజి, ఆడవాళ్ళ దొంగచాటు పాల వ్యాపారం, వీటన్నిటి మధ్య ఒక మేక. ఆ మేక దొరికినవన్నీ తింటుంది. చివరికి బషీర్ రాసిన పుస్తకాల ప్రతులు కూడా తినేస్తుంది. ఆ మేక మీకంటే నయం మిత్రులారా, కనీసం ముస్లిం రాసిన పుస్తకం నోట్లో పెట్టుకుంది!

మావైపు నుంచి కూడా మాకు తలనొప్పి తక్కువేం లేదు. 'నవలలేమిటి, కాఫిర్లతో కూర్చుని ప్రేమకథలేమిటి, ఆ ఆదివారం పిల్లలకి దీన్ చెప్పుకోకూడదా' అనే పెద్దలు మా మొహల్లాలో ఉన్నారు. మీరు మమ్మల్ని ముస్లింలుగానే చూస్తారు, వాళ్ళు మమ్మల్ని ముస్లింలుగా చూడరు. రెండు గుమ్మాల దగ్గరా చెప్పులు విప్పి నిలబడ్డవాళ్ళం. వాళ్ళకి మేం చెప్పే జవాబు ఒక్కటే. మొట్టమొదటి ఆయత్‌లో వచ్చిన ఆజ్ఞ చదవమనే. ఏం చదవాలో మొహల్లా పెద్ద జాబితా ఇస్తాడని అందులో లేదు.

ఇంకో ముచ్చట కూడా ఉంది. మా వంతు రోజున బిర్యానీ దమ్ము మీద పెట్టి, పొగలో కళ్ళు నులుముకుంటూ, వచ్చినవాళ్ళు స్త్రీ స్వేచ్ఛ గురించి మాట్లాడుతుంటే గోడవతల నుంచి వినేది మా ఆడవాళ్ళు. మీ వంతు రోజున ఆవకాయ జాడీ అందించేది మీ ఆడవాళ్ళు. ఈ విషయంలో మాత్రం మన మధ్య మతసామరస్యం పరిపూర్ణంగా ఉంది. మా ఇంట్లో ఒకామె ఈ మధ్య వంటింట్లోంచి కేకేసి అడిగింది: 'అమీర్ గురించి మాట్లాడుతున్నారు సరే, అతనికి అన్నం ఎవరు వండేవారంట?' ఎన్నేళ్ళుగానో 'మైదానం' మీద వచ్చిన విమర్శ మేం చాలా చదివాం. ఇంత సూటి ప్రశ్న తగల్లేదు. ఆమె పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. మన కూటంలో సభ్యురాలు కాదు, వంటమనిషి.

'మీరు అన్నిటినీ మతంతో ముడిపెడుతున్నారు, మేం మిమ్మల్ని మనుషులుగా చూస్తున్నాం' అని అంటారని తెలుసు. మనుషులుగా చూడ్డమంటే మా పేరూ, మా పండగా, మా భయమూ తీసేసి చూడ్డం అయితే ఆ మిగిలేది మేం కాదు. మీరు మనుషులుగా ఉండటానికి మీ ఇంటిపేరు తీసెయ్యాల్సిన అవసరం రాలేదు. సంక్రాంతికి అరిసెలు పంచినప్పుడు అది సంస్కృతి. రంజానుకి షీర్‌ఖుర్మా పంచితే అది మతసామరస్యం. ఈ తేడా ఎవరు పెట్టారో మేం అడిగితే మతంతో ముడిపెట్టినట్టు! ముడి మేం వెయ్యలేదు. విప్పుతున్నాం, వేళ్ళు నొప్పి పుడుతున్నాయి, అందుకే గొంతు పెరిగింది.

ఊళ్ళో ఉన్న బిర్యానీ సెంటర్లు లెక్కపెట్టండి. ప్రతి సందులోనూ ఒకటుంది. సగం వాటి యజమానులు ముస్లింలు కూడా కారు. మా తిండి ఊరంతా గెలిచింది. అదే ఊళ్ళో ముస్లిం కుర్రాడు అద్దెకి గది అడిగితే 'నాన్‌వెజ్ వాళ్ళకివ్వం' అంటారు, ఇచ్చేవాడి ఇంట్లో కోడి కూర వాసన వస్తుంటుంది. మాంసం దొరికితే చాలదని, మనిషి పక్కన ఉండాలని ఒక నవల చెప్పగలదు, బిర్యానీ చెప్పలేదు. అందుకే మా పట్టుదల నవల దగ్గర.

ఇది పాతూరి నాగభూషణం కాలవలో పడవ మీద గ్రంథాలయం నడిపించిన నేల. 1935లో, రోడ్డు లేని ఊళ్ళకి కాలవల మీద పుస్తకాలు చేరాయి. కాలవ అన్ని రేవుల దగ్గరా ఆగింది. మన కూటం పడవ మాత్రం మా రేవు దగ్గర ఆగి, భోజనం ఎక్కించుకుని, మమ్మల్ని గట్టు మీదే వదిలి వెళుతోంది.

వచ్చే నెల వంతు మాది. మంగినపూడిలోనే. పుస్తకం 'వతన్'. దొరకనివాళ్ళ కోసం నాలుగు కథలు జిరాక్సు తీయించాం, అందరికీ పోస్టులో పంపుతున్నాం. అది కథల పుస్తకమని, నియమం ఒప్పుకోదని గుర్తుచెయ్యబోయే మిత్రులు ముందుగా ఆ నాలుగూ చదివి, ఆ తర్వాత గుర్తుచెయ్యండి. వంటింట్లోంచి ప్రశ్న అడిగినామె ఈసారి చాప మీద కూర్చుంటుంది, మొదట ఆమే మాట్లాడుతుంది.

బిర్యానీ ఉండదు. ఎవరి క్యారేజీ వాళ్ళు తెచ్చుకోండి. మా క్యారేజీలో చింతచిగురు పప్పు, ఎండు రొయ్యల వేపుడు, అన్నం ఉంటాయి. మేం రోజూ తినేది అదే. కావలసినవాళ్ళు అడిగి వడ్డించుకోవచ్చు, ఏ జంతువుదని అడక్కుండా.